మా ఓపెన్ సోర్స్ లైబ్రరీ మీద రాసిన పేపర్ రెండు చోట్లా రిజెక్ట్ అయింది, అసలు ఎక్కడికి పంపాలి, ఎవరెవరి పేర్లు పెట్టాలి?

మడతలాగ్:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. 5 ఏళ్ళ నుంచి ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడుపుతున్నాం. కంప్రెస్ చేసి పెట్టిన లాగ్ ఫైళ్ళని మొత్తం విప్పకుండానే వాటిలో కావాల్సిన మాట వెతికిపెట్టడం దాని పని. ఎంఐటీ లైసెన్స్, గట్టిగా పనిచేసేది ముగ్గురం, అప్పుడప్పుడు ప్యాచ్‌లు పంపేవాళ్ళు ఇంకో 20 మంది దాకా ఉంటారు. బగ్ రిపోర్టులు వస్తూనే ఉంటాయి, అంటే ఎక్కడో ఎవరికో పనికొస్తోందనే కదా.

పోయిన ఏడాది దీని మీద 10 పేజీల పేపర్ రాసి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ కాన్ఫరెన్స్ రీసెర్చ్ ట్రాక్‌కి (కొత్త పరిశోధన పేపర్లు తీసుకునే విభాగం) పంపాం. ముగ్గురు రివ్యూ చేశారు. ఒకరు "పనికొచ్చే టూల్, బాగా కట్టారు, కానీ కొత్తగా చెప్పిందేంటో అర్థం కాలేదు" అన్నారు, ఇంకొకరు "యూజర్ మాన్యువల్ చదివినట్టుంది" అన్నారు, మూడోవారు పేపర్లో రిపాజిటరీ (కోడ్ ఉండే చోటు, రిపో అంటాం) లింక్ కనిపిస్తోంది కాబట్టి డబుల్ బ్లైండ్ రూల్ (రాసినవాళ్ళెవరో, రివ్యూ చేసేవాళ్ళెవరో ఒకరికొకరికి తెలియకూడదు) తప్పారు అని రాశారు. ఆ తర్వాత దాన్నే 6 పేజీలకి కోసి ఒక వర్క్‌షాప్‌కి పంపితే, ఇదే పని చేసే మిగతా సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూపించలేదని అదీ పోయింది. ఇన్నేళ్ళు రాత్రుళ్ళు కూర్చుని చేసిన పని కదండీ, చాలా బాధేసింది.

ఇప్పుడు నా డౌట్లు. సాఫ్ట్‌వేర్‌నే ఒక పనిగా లెక్కేసి తీసుకునే చోట్లు ఏమైనా ఉన్నాయా? ప్రాజెక్ట్ పేరు చెప్పగానే మేమెవరో తెలిసిపోతుంది, మరి పేర్లు దాచి పంపడం ఎలా? అన్నిటికంటే పెద్ద డౌట్ ఆథర్ల పేర్లు. మొదటి ఇండెక్స్ (ఏ మాట ఎక్కడుందో చెప్పే పట్టిక) కోడ్ అంతా రాసినావిడ 3 ఏళ్ళ కింద ప్రాజెక్ట్ వదిలి వెళ్ళిపోయారు, ఆ కోడ్ ఇప్పుడు రిపోలో ఒక్క లైను కూడా లేదు. డాక్యుమెంటేషన్ మొత్తం ఒకే మనిషి రాశారు, కోడ్ ముట్టుకోలేదు. ఇంకొకరు ఐడీతోనే తెలుసు, అసలు పేరు చెప్పడం ఇష్టం లేదన్నారు. వీళ్ళని ఏం చేయాలి?

ఇంకోటి, ఈ మధ్య ఒక మెయిల్ వచ్చింది, మీ పేపర్ మా కాన్ఫరెన్స్‌కి పంపండి, వారంలో రిజల్ట్ చెప్తాం, రిజిస్ట్రేషన్ ఫీజు ముందే కట్టాలి అని. ఇలాంటిది నమ్మొచ్చా?

రివ్యూబల్ల:

ముందు ఆ మెయిల్ డిలీట్ చేయండి, దాని సంగతి కింద ఇంకెవరైనా చెప్తారు.

నేను కొన్నేళ్ళుగా టూల్ పేపర్లు రివ్యూ చేస్తున్నా, "మాన్యువల్ లాగా ఉంది" అని నేనూ చాలాసార్లు రాశా, కాబట్టి అలా ఎందుకు రాస్తామో చెప్తా. పేపర్ తెరవగానే మొదటి సెక్షన్ ఫీచర్లు, రెండోది ఆర్కిటెక్చర్ బొమ్మ, మూడోది ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, నాలుగోది ఒక ఉదాహరణ, అయిపోయింది. ఇవన్నీ రీడ్‌మీలో, అంటే కోడ్‌తో పాటు ఇచ్చే పరిచయ ఫైల్లో ఉంటాయి. ఆ ప్రాజెక్ట్ కడుతున్నప్పుడు మీకు తెలిసొచ్చిందేంటి, అది రేపు ఇంకో టూల్ కట్టేవాడికి ఎలా పనికొస్తుంది, నేను వెతికేది అది.

కేవీఎం (లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపల కంప్యూటర్లు నడిపే హైపర్‌వైజర్) మీద 2007లో ఒట్టావా లైనక్స్ సింపోజియంలో వచ్చిన పేపర్ చూడండి. హైపర్‌వైజర్ అంతా కొత్తగా రాయక్కర్లేదు, షెడ్యూలర్, మెమరీ మేనేజ్‌మెంట్ లాంటివి లైనక్స్ కెర్నల్లో ఎలాగూ ఉన్నాయి, వాటినే వాడుకుని వర్చువల్ మెషీన్‌ని ఒక మామూలు ప్రాసెస్‌లాగా నడపొచ్చు, ఇదీ అందులో విషయం. కేవీఎం ఎప్పుడూ వాడనివాడికి కూడా ఆ ఆలోచన మిగులుతుంది. 2004లో సీజీఓ కాన్ఫరెన్స్‌లో వచ్చిన ఎల్ఎల్‌వీఎం (కంపైలర్లు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్) పేపర్ కూడా అంతే, ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసేటప్పుడే కాకుండా లింక్ చేసేటప్పుడు, నడిచేటప్పుడు, ఆఖరికి నడవకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా విశ్లేషించి మెరుగుపరచొచ్చు అనే మాట చుట్టూ పేపర్ మొత్తం తిరుగుతుంది. మీ పేపర్లో అలాంటి మాట ఏదో ఒక్క వాక్యంలో ఇక్కడ రాయండి, అప్పుడు ఎక్కడికి పంపాలో చెప్పడం తేలిక.

పోలిక గురించి. లాగ్‌లని విప్పకుండా వెతకడం అనగానే ఆ రంగంలో ఉన్నవాళ్ళకి 2021 ఓఎస్‌డీఐ కాన్ఫరెన్స్‌లో వచ్చిన సీఎల్‌పీ అనే టూల్ గుర్తొస్తుంది. అదీ ఓపెన్ సోర్సే. లాగ్ లైన్లో మారని భాగాన్ని, మారే విలువల్ని విడదీసి డిక్షనరీల్లో పెడుతుంది. దాన్ని ప్రస్తావించకుండా పంపితే రివ్యూయర్ మొదటి పేజీలోనే ఆగిపోతారు. డేటా కోసం లాగ్‌హబ్ ఉంది కదా, హెచ్‌డీఎఫ్ఎస్, బీజీఎల్ లాంటి లాగ్‌లు అందులో అందరికీ దొరుకుతాయి, వాటి మీద సీఎల్‌పీనీ, మామూలుగా విప్పి గ్రెప్ కమాండ్‌తో వెతకడాన్నీ, మీదాన్నీ పక్కపక్కన కొలవండి. ఓడిపోయిన చోట కూడా అంకెలు పెట్టండి. 2022లో వీఎల్‌డీబీ కాన్ఫరెన్స్‌లో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ మీద వచ్చిన పేపర్లో డక్‌డీబీ అనే ఇంకో డేటాబేస్‌తో పోల్చి, విశ్లేషణ క్వెరీల్లో ఎక్కడ వెనకబడుతున్నామో, ట్రాన్సాక్షన్లలో ఎక్కడ ముందున్నామో రెండూ చూపించారు. ఆ వెనకబడిన అంకె చూశాకే నాకు మిగతా అంకెల మీద నమ్మకం కుదిరింది.

మడతలాగ్:

చాలా థ్యాంక్స్ అండి. సీఎల్‌పీ గురించి తెలుసు కానీ వాళ్ళది పెద్ద సిస్టమ్, మాది చిన్న లైబ్రరీ కదా అని వదిలేశాం, అది తప్పే.

ఒక్క వాక్యం అంటే రెండు రోజులు ఆలోచించా. వెర్షన్ 1లో ఒక్కో బ్లాక్‌కి (ఫైల్లో ఒక ముక్క) అందులో ఉన్న మాటలన్నిటి జాబితా, ఏది ఎక్కడుందో దానితో సహా పెట్టేవాళ్ళం, మా లాగ్‌ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత వాడేవాళ్ళు పెరిగాక ఇష్యూలు (రిపోలో జనం రాసే ఫిర్యాదులు) మొదలయ్యాయి, ప్రతి లైన్లో ఒక కొత్త రిక్వెస్ట్ ఐడీ ఉండే లాగ్‌లు ఉంటాయి కదా, అక్కడ ఏ మాటా రెండోసారి రాదు, దాంతో ఇండెక్స్ కంప్రెస్ చేసిన ఫైల్ కంటే పెద్దదైపోయింది. 14 ఇష్యూలు ఉన్నాయి దీని మీదే. అప్పుడు జాబితా తీసేసి వెర్షన్ 2లో బ్లూమ్ ఫిల్టర్ (ఒక మాట ఉండొచ్చు లేదా కచ్చితంగా లేదు అని మాత్రమే చెప్పే చిన్న పట్టిక) పెట్టాం, మాటకి దాదాపు 10 బిట్లు, లేని మాటని ఉందని చెప్పే తప్పు 1 శాతం దగ్గర ఆగుతుంది. కానీ చాలా బ్లాకుల్లో కనిపించే మామూలు మాటలు వెతికితే ఇది వెర్షన్ 1 కంటే నెమ్మది, ఎందుకంటే బ్లాక్‌లో ఎక్కడుందో ఫిల్టర్ చెప్పదు, విప్పి చూడాల్సిందే. ఇప్పుడు రెండూ కలిపి, బ్లాక్‌ని చూసి ఏది పెట్టాలో తేల్చుకునే కోడ్ ఉంది. పంపిన పేపర్లో ఇదంతా అర పేరా కూడా లేదు, ఇదేదో మా ఇంటి గొడవలే అనుకున్నాం.

రివ్యూబల్ల:

అదేనండీ మీ పేపర్! "ఒక బ్లాక్‌లో మాటలు ఎంత తరచుగా మళ్ళీ వస్తాయో దాన్ని బట్టి ఇండెక్స్ మార్చాలి, ఆ హద్దు ఎక్కడుందో మేము కొలిచాం." నేనైతే ఇలాంటి పేపర్ నా దగ్గరికి రావాలని కోరుకుంటా. ఆ 14 ఇష్యూలు మీ సాక్ష్యం, వాటిని చేంజ్‌లాగ్‌తో (ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసే ఫైల్) కలిపి తేదీల వరుసలో పెట్టుకోండి. ఎప్పుడు ఎందుకు మనసు మార్చుకున్నారో ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో ప్రతిదీ రాతలో ఉంటుంది, మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ మీద రాసేవాళ్ళకి ఇది దొరకదు. మీరు దాన్నే వాడుకోలేదు.

ట్యాగ్_వేసేశా:

ఎక్కడికి పంపాలి అన్నదానికి నాకు తెలిసినంత. పెద్ద కాన్ఫరెన్సుల్లో రీసెర్చ్ ట్రాక్ ఒక్కటే ఉండదు, ఐసీఎస్ఈలో డెమోల ట్రాక్ ఉంటుంది, ఎంఎస్ఆర్‌లో డేటా, టూల్స్ కోసం విడిగా ట్రాక్ ఉంటుంది. సాధారణంగా 4 పేజీలు, చాలా చోట్ల చిన్న వీడియో కూడా అడుగుతారు. చిన్నదని తక్కువగా చూడొద్దు, డక్‌డీబీ 2019లో సిగ్‌మాడ్ అనే డేటాబేస్ కాన్ఫరెన్స్‌లో బయటికొచ్చింది డెమో పేపర్‌తోనే. మీది డేటా వైపు పని కాబట్టి డేటాబేస్ కాన్ఫరెన్సుల డెమో ట్రాక్‌లు కూడా చూడండి, కాల్ ఫర్ పేపర్స్ ఏ ఏడాదికి ఆ ఏడాది చదవాలి, పేజీల లెక్క, పేర్లు దాచాలా వద్దా అనేవి ట్రాక్‌కి ట్రాక్‌కి మారిపోతుంటాయి.

జర్నల్ అయినా పర్లేదనుకుంటే 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, అందరూ జాస్ అంటారు. ఫీజు లేదు, రివ్యూ అంతా గిట్‌హబ్ ఇష్యూలో అందరి ముందే జరుగుతుంది, రివ్యూయర్ మీ కోడ్ తన మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి టెస్టులు నడిపి చెక్‌లిస్ట్‌లో టిక్ పెడతారు. పేపర్ చాలా చిన్నది, అసలు చూసేది సాఫ్ట్‌వేర్‌నే. ఓఎస్ఐ (ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్) ఒప్పుకున్న లైసెన్స్ ఉండాలి, మీ ఎంఐటీకి ఇబ్బంది లేదు. కానీ ఒకటి, అది రీసెర్చ్‌కి వాడే సాఫ్ట్‌వేర్ అయ్యుండాలి. మీ లైబ్రరీని ఎవరైనా తమ పరిశోధనలో వాడారా? వాడితే ఆ సంగతి ముందే రాయండి, లేకపోతే స్కోప్ దగ్గరే ఆగిపోతుంది. పైథాన్‌తో సైన్స్ చేసేవాళ్ళకి పనికొచ్చేదైతే సైపై కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్ కూడా ఉన్నాయి, పాండాస్ (డేటా విశ్లేషణ లైబ్రరీ) మీద 2010లో పేపర్ వచ్చింది అక్కడే.

ఫాస్‌డెమ్ లాంటి ఓపెన్ సోర్స్ డెవలపర్ల సమావేశాల్లో పేపర్ అడగరు, టాక్ ప్రపోజల్ చాలు, చిన్న అబ్‌స్ట్రాక్ట్. అక్కడ ముందు మాట్లాడి జనం అడిగే ప్రశ్నలు విని తర్వాత పేపర్ రాయడం నాకు బాగా నచ్చిన దారి, ఎందుకంటే రివ్యూయర్ 4 నెలల తర్వాత అడిగే ప్రశ్న అక్కడ 20 నిమిషాల్లో వచ్చేస్తుంది.

కమిట్_చూపరి:

పేర్ల విషయం నేను చెప్తా, మా ప్రాజెక్ట్‌లో ఇదే విషయంలో ఇద్దరు స్నేహితులు మాట్లాడుకోవడం మానేశారు, అందుకని కొంచెం గట్టిగానే చెప్తున్నా.

గిట్ షార్ట్‌లాగ్ (ఎవరు ఎన్ని కమిట్లు, అంటే కోడ్ మార్పులు చేశారో చెప్పే కమాండ్) కొట్టి పైనున్న ఐదుగురిని ఆథర్లుగా పెట్టేయొద్దు. మేము చేసింది అదే. కమిట్ల లెక్కలో ఫార్మాటింగ్ మార్చినవాడు పైకొస్తాడు, నెల రోజులు ఆలోచించి ఒక్క కమిట్‌లో డిజైన్ మార్చిన మనిషి కిందికి పోతుంది. మీ పాత ఇండెక్స్ రాసినావిడనే తీసుకోండి, ఆవిడ కోడ్ రిపోలో లేదంటున్నారు, కానీ పైన మీరు చెప్పిన కథలో సగం ఆవిడదే కదా! వెర్షన్ 1 లేకుండా మీ పేపర్లో పోల్చడానికి ఏముంది? ఆవిడకి మెయిల్ రాయండి, ఇవాళే రాయండి, డెడ్‌లైన్ ముందు రోజు కాదు. ఆథర్‌గా ఉంటారా, థ్యాంక్స్ చెప్పే చోట పేరు చాలా, అసలు వద్దా అని మూడూ అడగండి. ఉంటానంటే డ్రాఫ్ట్ చదివి ఒప్పుకోవాలి, ఎందుకంటే పేరు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ అందులో రాసినదానికి జవాబుదారీ. చెప్పకుండా పేరు పెట్టడం కూడా తప్పే, గౌరవం అనుకుని చాలామంది చేస్తుంటారు.

డాక్యుమెంటేషన్ రాసినవారి గురించి నా అభిప్రాయం, ఎవరు ఏం చేశారో చెప్పడానికి క్రెడిట్ అనే వర్గీకరణ ఉంది, 14 పాత్రలు, సాఫ్ట్‌వేర్ వాటిలో ఒకటి మాత్రమే, డేటా చూసుకోవడం, సరిచూడడం, రాత, పర్యవేక్షణ అన్నీ విడివిడిగా ఉంటాయి. అందరూ కలిసి ఆ పట్టిక నింపండి, గొడవ సగం అక్కడే తగ్గుతుంది. పైథాన్ లైబ్రరీలే చూడండి, సైకిట్ లెర్న్ 2011 పేపర్లో 16 మంది ఆథర్లు, నంపై 2020 పేపర్లో 26 మంది. మరీ ఎక్కువమంది ఉంటే 2020లో సైపై లైబ్రరీ 1.0 పేపర్లో చేసినట్టు కాంట్రిబ్యూటర్లు అని ఒక గుంపు పేరు కూడా ఆథర్లలో పెట్టొచ్చు. అసలు పేరు చెప్పనన్నవారికి ఇది మంచి దారి, లేదా కృతజ్ఞతల్లో ఆ ఐడీనే రాయండి, వాళ్ళు ఎలా రాయమంటే అలా.

పేపర్‌తో పాటు రిపోలో సైటేషన్ సీఎఫ్ఎఫ్ ఫైల్ కూడా పెట్టండి, 2021 నుంచి గిట్‌హబ్ దాన్ని చదివి ఈ రిపోని ఎలా ఉదహరించాలో పక్కనే చూపిస్తుంది. పేపర్లో చోటు దొరకనివాళ్ళ పేర్లు అక్కడైనా ఉంటాయి.

నడిరాత్రి_బిల్డ్:

డబుల్ బ్లైండ్ గురించి. రిపో దాచేయక్కర్లేదు, పేరు మార్చక్కర్లేదు, పేపర్లో మాత్రం ప్రాజెక్ట్‌కి వేరే పేరు పెట్టి, కోడ్‌కి అనానిమస్ గిట్‌హబ్ లాంటి సర్వీస్ లింక్ ఇవ్వండి, అది రిపోలో మీరు చెప్పిన మాటల్ని చెరిపేసి చూపిస్తుంది. లైసెన్స్ ఫైల్లో కాపీరైట్ లైను, టెస్ట్ డేటాలో మెయిల్ ఐడీలు, బొమ్మల్లో స్క్రీన్‌షాట్ మూల, ఇవి మర్చిపోతుంటారు. మీ పాత టాక్ ఏదైనా చెప్పాల్సొస్తే వేరేవాళ్ళ పని గురించి రాసినట్టు రాయండి. ఇంకా డౌట్ ఉంటే ప్రోగ్రామ్ ఛైర్‌కి మెయిల్ పెట్టండి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌ల సంగతి వాళ్ళకి కొత్తేం కాదు, మర్యాదగానే చెప్తారు.

జెనోడో అనే ఆర్కైవ్‌లో రిలీజ్ పెట్టి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) తీసుకోమని అందరూ చెప్తారు, మంచిదే, గిట్‌హబ్‌కి కలిపితే ప్రతి రిలీజ్‌కి ఒక డీఓఐ, మొత్తం ప్రాజెక్ట్‌కి ఒక డీఓఐ వస్తాయి. పేపర్లో అంకెలు ఏ వెర్షన్‌తో వచ్చాయో ఆ వెర్షన్ డీఓఐనే రాయాలి. కానీ పేర్లు దాచాల్సిన చోటైతే యాక్సెప్ట్ అయ్యాకే చేయండి, జెనోడోలో ఒకసారి పబ్లిష్ చేసింది మీ ఇష్టం వచ్చినప్పుడు తీసేయడం కుదరదు. సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే కోడ్ ఆర్కైవ్‌లో కూడా సేవ్ చేయించండి, హోస్టింగ్ సైట్ మూతపడినా కోడ్ ఉంటుంది.

యాక్సెప్ట్ అయ్యాక ఆర్టిఫాక్ట్ ఎవాల్యుయేషన్ ఉంటే తప్పకుండా పంపండి. 2011లో ఎఫ్ఎస్ఈ కాన్ఫరెన్స్‌లో మొదలైంది ఈ పద్ధతి, ఇప్పుడు చాలా చోట్ల ఉంది. మీ కోడ్, డేటా వేరేవాళ్ళు నడిపి చూసి బ్యాడ్జ్ ఇస్తారు. మీలాంటి వాళ్ళు అక్కడ ముందుంటారు, ఎందుకంటే టెస్టులు, డాక్స్, సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే ఏర్పాటు) మీకు ముందే ఉన్నాయి, చాలామంది చివరి వారంలో కంగారుగా రాసుకునేది అదే.

ఆ మెయిల్ సంగతి. 2005లో ఎంఐటీ విద్యార్థులు సైజెన్ అనే ప్రోగ్రామ్‌తో అర్థంపర్థం లేని పేపర్ పుట్టించి ఒక కాన్ఫరెన్స్‌కి పంపితే తీసుకున్నారు. వారంలో రిజల్ట్, ముందే ఫీజు అన్నారంటే వాళ్ళు చదవరు. కమిటీలో ఉన్నవాళ్ళ సొంత పేజీల్లో ఆ కాన్ఫరెన్స్ పేరు ఉందా, డీబీఎల్‌పీ అనే పేపర్ల జాబితా సైట్‌లో పాత ఏళ్ళ పేపర్లు కనిపిస్తున్నాయా చూడండి, 10 నిమిషాల పని.

డాక్స్_రాస్తా:

ఒక్క మాట కలుపుతా. ఆ 14 ఇష్యూల్లో వాడినవాళ్ళు రాసిన మాటలు పేపర్లో పెట్టేముందు వాళ్ళని అడగండి. ఇష్యూ అందరికీ కనిపిస్తుంది నిజమే, కానీ ఆ మనిషి సాయం కోసం రాశారు, ఎవరి పేపర్లోనో పడటానికి కాదు. కొందరు తమ కంపెనీ లాగ్ ముక్కలు కూడా అతికించి ఉంటారు. 2020లో లైనక్స్ కెర్నల్‌కి కావాలని లోపాలున్న ప్యాచ్‌లు పంపి రివ్యూ ఎలా చేస్తారో చూద్దామని కొందరు పరిశోధకులు పేపర్ రాశారు, యాక్సెప్ట్ అయిన ఆ పేపర్‌ని 2021లో వెనక్కి తీసుకోవాల్సొచ్చింది, వాళ్ళ యూనివర్సిటీ ప్యాచ్‌లే వద్దని మెయింటైనర్లు ఆపేశారు. మీది దానికి దగ్గరగా కూడా లేదు, నాకు తెలుసు, కానీ ప్రాజెక్ట్ చుట్టూ ఉన్న మనుషులకి చెప్పకుండా వాళ్ళ మీద రాస్తే ఏం పోతుందో ఆ గొడవలో చూశాం. పేపర్ డ్రాఫ్ట్‌ని కూడా వీలైతే కాంట్రిబ్యూటర్లందరికీ పంపండి.

మడతలాగ్:

6 వారాల తర్వాత వస్తున్నా, అందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

పాత పేపర్ పక్కన పెట్టేశాం, ఒక్క బొమ్మ తప్ప ఏదీ మిగల్లేదు. లాగ్‌హబ్ డేటా మీద సీఎల్‌పీతో కొలిచాం, సైజులో వాళ్ళు మా కంటే బాగున్నారు, అలాగే రాశాం. ఇష్యూల్లో 14 మందినీ అడిగితే 9 మంది సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్ళు జవాబివ్వలేదు, కాబట్టి ఆ 9 మాత్రమే వాడాం. ఒక డేటాబేస్ కాన్ఫరెన్స్ డెమో ట్రాక్‌కి 4 పేజీలు రెడీ అయ్యాయి. ఆథర్లు ఐదుగురం, డాక్స్ రాసినవారితో కలిపి. ఐడీతోనే ఉండే ఆయన కృతజ్ఞతల్లో ఐడీ చాలన్నారు.

వెళ్ళిపోయినావిడకి భయపడుతూనే మెయిల్ రాశా. రెండో రోజే జవాబొచ్చింది, ఆథర్‌గా ఉంటానన్నారు, డ్రాఫ్ట్ మొత్తం చదివారు. వెర్షన్ 1లో మాటల జాబితా ఎందుకు పెట్టారో మేము రాసిన కారణం తప్పట. వేగం కోసం అని రాశాం మేము. అప్పట్లో విరిగిపోయిన ఫైళ్ళు చాలా వచ్చేవని, జాబితా ఉంటే బ్లాక్ పాడైనా అందులో ఏ మాటలు ఉండేవో కనీసం అదైనా తెలుస్తుందని పెట్టారట. మాలో ఎవరికీ ఆ సంగతే తెలియదు, బ్లూమ్ ఫిల్టర్‌కి మారినప్పుడు అది పోగొట్టుకున్నామని కూడా తెలియదు. ఆ పేరా ఆవిడే రాశారు, మూడో పేజీలో ఉంది, దానికోసం రిపోలో ఒక కొత్త ఇష్యూ కూడా తెరిచాం.